ఆసు పోసే చెయ్యిని ఎంతసేపు చూపాలి? ఎథ్నోగ్రాఫిక్ ఫిల్మ్ చదువు లోపలి సంగతులు

మనుషుల బతుకుతీరును కెమెరాతో అధ్యయనం చేసే దృశ్య మానవశాస్త్రం అంటే సగం ఆంథ్రపాలజీ, సగం ఫిల్మ్ స్కూల్ అనుకుని చేరేవాళ్లే ఎక్కువ. ఒక పూట సిద్ధాంతం, ఒక పూట కెమెరా అన్నట్టు. ఈ కోర్సుల్లో సాధారణంగా ముందే ఇచ్చే కసరత్తు ఒకటుంది. అది ఆ లెక్కను తారుమారు చేస్తుంది. బుట్ట అల్లడమో, చెప్పు కుట్టడమో, రొట్టె కాల్చడమో, ఏదో ఒక పనిని మొదటినుంచి చివరిదాకా తీసి ఐదు నిమిషాల్లో చూపించాలి. ఇంటర్వ్యూ ఉండకూడదు, వ్యాఖ్యానం ఉండకూడదు, సంగీతం అసలే కూడదు. వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఎడిటింగ్‌కు కూర్చున్నాక అర్థమవుతుంది, గంటల పనిలో ఏ ఐదు నిమిషాలు ఉంచాలన్న ప్రశ్నకు కెమెరా మాన్యువల్‌లో జవాబు లేదని. ఆ పని గురించి ఏం తెలుసుకున్నారో అదే జవాబు.

తెలుగు నేల మీది ఉదాహరణే చూద్దాం. పోచంపల్లి చీరకు చిటికి కట్టి రంగు వేసే ముందు దారాన్ని ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారపు చట్రం, దాని వంపు మీద వరసగా మేకులు, ఎదురుగా ఇవతల ఒక మేకు. ఇవతలి మేకు నుంచి దారాన్ని తీసుకెళ్లి అవతలి మేకుకు తిప్పి మళ్లీ ఇవతలికి తేవాలి. చెయ్యి పోయే దూరం దాదాపు ఒక మీటరు. ఒక్క చీరకు ఇలా 9,000 సార్లు, నాలుగైదు గంటలు. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానితో అదే పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

వ్యాసంలో అయితే ‘9,000 సార్లు’ అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. చదివినవాడి భుజం నొప్పి పెట్టదు. తెర మీద ఆ చెయ్యి ముప్పై సెకన్లు కనిపిస్తే చూసేవాళ్లు ‘ఎంత బాగుందో’ అంటారు. నిమిషంన్నర దాటితే కుర్చీలో కదులుతారు. కట్ చేయకుండా మూడు నిమిషాలు ఉంచితే అప్పుడు మొదలవుతుంది అసలు చూడటం: కదులుతున్నది మోచెయ్యి కాదు భుజమని, మేకు తప్పకుండానే ఆమె పక్కనున్న పిల్లాడికి జవాబు చెబుతోందని, మధ్యలో ఒకసారి చెయ్యి దించి వేళ్లు విదిలించుకుందని. మరో దారి, నాలుగు గంటల్లో గంటకొక షాటు చొప్పున ఒకే చోటినుంచి తీసి పక్కపక్కన పెట్టడం. అప్పుడు గడప దగ్గరి ఎండ జరుగుతుంది, మనిషి మాత్రం జరగదు. మొదటిది ఒంటి అలసట గురించి మాట్లాడుతుంది, రెండోది పూట మొత్తాన్ని మింగేసే పని గురించి. ఈ రెండింట్లో ఏది ఎంచుకుంటే అదే ఆ చిత్రం చేసే విశ్లేషణ. పరీక్షలో అడిగేది కూడా ఇదే: ఇక్కడ ఎందుకు కట్ చేశావు?

ఇక ఆ గదిలో కెమెరా పెట్టాక తప్పే వాటి సంగతి. ఆటోఫోకస్ ఆన్‌లో ఉంటే అది చెయ్యి వెంట పరుగెడుతుంది, చెయ్యి వచ్చినప్పుడల్లా ముఖం మసకబారుతుంది. ఫోకస్‌ను మాన్యువల్‌లో మేకుల మీద స్థిరంగా పెట్టుకోవాలి. సన్నటి దారాలు దగ్గర దగ్గరగా ఉన్నచోట తెర మీద నీళ్లలా మెరిసే చారలు వస్తాయి. కెమెరాను అడుగు ముందుకో వెనక్కో జరిపితే చాలావరకు పోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టాలి. అమెరికా పద్ధతిలో 30 ఫ్రేములు, 1/60 అని వదిలేస్తే ట్యూబ్‌లైటు కింద తీసిందంతా మిణుకుమంటుంది, తర్వాత సరిచేయడం నరకం. జూమ్ వాడొద్దని గట్టిగా చెబుతారు. 28 లేదా 35 ఎంఎం లెన్స్ బిగించుకుని, దగ్గరగా కావాలంటే మనిషే దగ్గరకు వెళ్లాలి. దూరంనుంచి జూమ్‌తో ముఖాన్ని లాగితే చూసేవాడికి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. దగ్గరకు వెళ్లాలంటే ఆ మనిషి రానివ్వాలి. ఆ రానివ్వడమే ఫీల్డ్‌వర్క్.

శబ్దం ఇంకా పెద్ద తలనొప్పి. విద్యార్థి చిత్రాలు బొమ్మ బాగోక పోయేవి తక్కువ, మాట వినపడక పోయేవి ఎక్కువ. కెమెరాలోని ఆటో లెవెల్ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దపు స్థాయి) పెంచి బుస్సుమనే శబ్దాన్ని పైకి తెస్తుంది. దాన్ని ఆపేసి, గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు -12 డెసిబెల్స్ దగ్గర తాకేలా చేత్తో పెట్టుకోవాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రేకుల ఇంట్లో, సిమెంటు గోడల గదిలో ఎదుటి శబ్దాన్నే పట్టుకునే పొడుగాటి షాట్‌గన్ మైకు ప్రతిధ్వనిని కూడా పట్టేస్తుంది, మాట్లాడే మనిషికి రెండడుగుల లోపు ఉండాలి. పవిట మీద కాలర్ మైకు పెడితే నూలు రాసుకునే చప్పుడు, గాజుల చప్పుడు. మే నెలలో ఫ్యాన్ ఆపమని అడిగే ముఖం ఎవరికి ఉంటుంది? 80 హెర్ట్జ్ దిగువ శబ్దాన్ని కత్తిరించే స్విచ్ మైకు మీదే ఉంటుంది, అది వేసుకోవాలి. అన్నిటికంటే ఘోరమైనది పక్క గదిలో నడిచే టీవీ. మనిషి మాట మధ్యలో కట్ చేస్తే వెనక సీరియల్ డైలాగు ఎగిరిపోతుంది, కోత బట్టబయలవుతుంది. వీలైతే సౌండు తగ్గించమని అడగాలి. వీలుకాకపోతే ఆ సన్నివేశాన్ని కట్ లేకుండా వాడుకోవాలన్న ఎరుకతో తీయాలి. ఏ గదిలో తీసినా వెళ్లేముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. దీన్ని మర్చిపోనివాళ్లు అరుదు.

ఇంతా చేసి, అసలు ఏ ఇంటికి వెళ్లాలి? ఊళ్లో యంత్రం ఉన్న ఇళ్లను దాటుకుంటూ వెళ్లి, చేత్తో ఆసు పోసే ఒక్క ఇల్లు వెతికి పట్టుకుని, ‘ఇదీ పోచంపల్లి’ అని చూపిస్తే? ఇది ఈ రంగంలో మొదటినుంచీ ఉన్న జబ్బు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో విడుదల చేసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో ఉత్తర కెనడా ఇన్యూట్ వేటగాళ్లు ఈటెలతో వేటాడతారు. అప్పటికే వాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి. మంచు ఇంట్లోపల కెమెరాకు వెలుతురు చాలదని సగం ఇల్లే కట్టించాడు. నానూక్ అని చూపిన మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. ఒకటో ఏడాది విద్యార్థులకు ఈ చిత్రాన్ని వేసి చూపేది ఫ్లాహర్టీని తిట్టడానికి కాదు. అందులో నటించినవాళ్లు ఎంతవరకు ఇష్టపడి సాయపడ్డారో కూడా మాట్లాడుకుంటారు. అసలు సమస్య, ‘పోతున్నదాన్ని పట్టుకుంటున్నాం’ అనే తొందరలో, ఇప్పుడున్నదాన్ని చెరిపేయడం. ఆసు విషయంలో నిజాయితీ గల దారి రెండు ఇళ్లనూ తీయడమే. యంత్రం వల్ల మిగిలిన మూడు గంటల్లో ఆ ఇల్లాలు ఏం చేస్తోంది? పాత పని చిత్రం కంటే ఈ ప్రశ్నే మంచి చిత్రం కావచ్చు.

ఎంత తీయాలి అనేదానికి వద్దాం. మానవశాస్త్రవేత్తలు గ్రెగరీ బేట్‌సన్, మార్గరెట్ మీడ్ 1936-39 మధ్య ఎక్కువగా బాలిలో ఉండి దాదాపు 25,000 ఫొటోలు, 22,000 అడుగుల 16 ఎంఎం ఫిల్మ్ తీశారు. ఆ రోజుల్లో కళ్లు తిరిగే లెక్క. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున చూస్తే ఆ ఫిల్మ్ అంతా పది గంటలు. ఇవాళ్టి విద్యార్థి వారం తిరక్కుండానే అంత తీసేస్తాడు. వాళ్ల దగ్గర ఉండి ఇతని దగ్గర లేనిది నోట్సు. ఏ రీలు ఏ రోజు, ఏ గంటకు, ఎవరెవరు ఉన్నారు అని పక్కనే రాసుకున్న నోట్సు వల్లే 1942లో 759 ఫొటోలతో పుస్తకం కాగలిగింది. కార్డు నిండా ఫైళ్లుండి, ఏ ఫైలులో ఎవరున్నారో రాసుకోకపోతే అది డేటా కాదు, బరువు.

ఆ బరువుకు లెక్క ఇదీ. సెకనుకు 100 మెగాబిట్ల (ఎంబీపీఎస్) చొప్పున తీసే 4కె వీడియో గంటకు 45 జీబీ. అరగంట సినిమా కోసం 30 గంటలు తీస్తే 1,350 జీబీ. 2 టీబీ డిస్కులు రెండు తీసుకుని ప్రతి రాత్రీ రెండింటిలోకీ కాపీ చేయాలి, రెండూ ఒకే సంచిలో పెట్టకూడదు. కాపీ అయిన ఫైలు తెరిచి చూశాకే కార్డు చెరపాలి. డిస్కు కంటే ముందు అయిపోయేది సమయం. గంట సంభాషణను విని, రాసి, ఇంగ్లీషు చేయడానికి ఎనిమిది గంటలు సులువుగా పడుతుంది. గోండిలోనో కోయలోనో మాట్లాడితే, తెలిసినవాళ్లు ముందు తెలుగులోకి చెప్పాలి, ఆపై ఇంగ్లీషు. శ్రమ రెట్టింపు. ఒక్క తెలుగే అయినా 30 గంటలకు 240 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలరోజులు. అందుకే ముందు అన్నిటికీ ఒక్కో వాక్యంలో లాగ్ రాసి, వాడే అవకాశమున్న ఐదారు గంటలే పూర్తిగా అనువదించుకోవాలి. ఊళ్లో ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి. తిరిగొచ్చాక ‘ఈ మాటేమిటి’ అని అడగడానికి ఎవరూ ఉండరు.

అనువాదం దగ్గరే ఈ చదువు నిజంగా మానవశాస్త్రం అవుతుంది. చిత్రకారుడు టిమ్ ఆష్, మానవశాస్త్రవేత్త నెపోలియన్ షాగ్నన్ 1971లో వెనెజువెలా యానోమామి తెగవాళ్ల ఊళ్లో హఠాత్తుగా లేచిన కొట్లాటను తీశారు. 1975లో వచ్చిన ‘ది యాక్స్ ఫైట్’ ముందు ఆ దృశ్యాన్ని ఉన్నదున్నట్టు చూపుతుంది, ఏమీ అర్థం కాదు. అప్పటికప్పుడు టేపులో పడిన వివరణ తప్పని తర్వాత చెబుతుంది. బాణం గుర్తులతో మళ్లీ చూపి, బంధుత్వాల పటం వేశాక తెలుస్తుంది, ఎవరు ఎవరి పక్షాన ఎందుకు దిగారో. చివర్లో అదే గొడవను నున్నగా ఎడిట్ చేసి చూపేసరికి, అంతా తెలిసినట్టు కనిపించే సినిమా ఎంత దాచేస్తుందో తెలిసొస్తుంది. ముప్పై నిమిషాల్లో ఇంత నేర్పే పాఠం ఇంకోటి దొరకదు.

తెలుగులో తీసేవాడికి బంధుత్వ పటం వేసుకునే అవసరం మొదటి సబ్‌టైటిల్ దగ్గరే పడుతుంది. ‘బావా, చాయ్ తాగిపో.’ ఇంగ్లీషులో ‘బ్రదర్-ఇన్-లా’ అని వేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కాని బావ అక్క మొగుడు కావచ్చు, మేనత్త కొడుకు కావచ్చు, మేనమామ కొడుకు కావచ్చు, భర్త అన్న కావచ్చు. మేనబావతో సరసమాడొచ్చు, పెళ్లీ ఆడొచ్చు. భర్త అన్నగారి ముందు చాలా ఇళ్లలో కూర్చోను కూడా కూర్చోరు. ఒకే మాటకు రెండు వ్యతిరేక నడవడులు. మేనరికం అనే వ్యవస్థంతా ఆ రెండక్షరాల్లో ఉంది, ఇంగ్లీషు పదం దాన్ని తుడిచిపెట్టేస్తుంది. తండ్రి కూతుర్ని ‘ఏమ్మా’ అని పిలిస్తే ఆటోమేటిక్ అనువాదం ‘మదర్’ అని వేయడం ఇంకో రకం. స్థలమూ తక్కువే: ఒక సబ్‌టైటిల్‌కు రెండు లైన్లు, లైనుకు 40 అక్షరాల దాకా, సెకనుకు 15 అక్షరాలకు మించితే చదవలేరు. అందుకని కొందరు ‘బావ’ అని అలాగే ఉంచుతారు. అది పనిచేయాలంటే అంతకుముందే ఆ ఇద్దరి వరసేమిటో తెర మీద తేలిపోవాలి. అంటే సబ్‌టైటిల్ సమస్యకు పరిష్కారం షూటింగులో ఉంది. సినిమాతోపాటు సమర్పించే వ్యాసంలో వివరించుకోవచ్చన్నది బద్ధకం. సినిమా చూసినవాళ్లందరూ ఆ వ్యాసం చదవరు.

తీసినవాళ్లకే తిరిగి చూపించడం ఈ రంగంలో మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు, పరిశోధన పద్ధతి. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఝాఁ రూష్ నైజర్ నది మీద సోర్కో జాలరుల నీటిగుర్రం వేటను చిత్రించి, రక్తి కట్టడానికి వాళ్ల వేట పాటనే వెనక కలిపాడు. 1950లలో తిరిగి వెళ్లి వాళ్లకే చూపిస్తే అభ్యంతరం చెప్పారు: వేటలో నిశ్శబ్దం కావాలి, సంగీతం వింటే నీటిగుర్రం పారిపోదూ? రూష్ ఆ సంగీతాన్ని తీసేశాడు. విద్యార్థులు సాధారణంగా చేసే తప్పు, పూర్తయిన సినిమా తీసుకెళ్లి చూపించడం. అప్పటికి మార్చడానికి ఓపికా గడువూ ఉండవు. షూటింగ్ సగంలోనే రెండు మూడు ముడి సన్నివేశాలు ల్యాప్‌టాప్‌లో చూపించి, వాళ్లు ఏమన్నారో అదీ రికార్డు చేసుకోవాలి. ఆ మాటల్లో సగం సినిమా దొరుకుతుంది.

ఎక్కడ చదవొచ్చు? మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1987లో గ్రెనడా టెలివిజన్ సాయంతో ఏర్పడిన గ్రెనడా సెంటర్ ఏడాది ఎంఏకు పేరుపడింది. పరిశీలన పద్ధతి, పొడుగు షాట్లు దాని గుర్తు. నార్వేలో ట్రోమ్‌సో, అమెరికాలో 1984లో మొదలైన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ కేంద్రం ఉన్నాయి. హార్వర్డ్‌లో 2006లో మొదలైన సెన్సరీ ఎథ్నోగ్రఫీ ల్యాబ్ వివరణను దాదాపు వదిలేసి శబ్దం మీదా స్పర్శ మీదా నడుస్తుంది. అక్కడి సినిమాలు నచ్చనివాళ్లు ‘ఇందులో ఆంథ్రపాలజీ ఏది’ అంటారు, ఆ ప్రశ్న పూర్తిగా కొట్టేయదగింది కాదు. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం, శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆంథ్రపాలజీ విభాగాలున్నాయి గాని, దృశ్య మానవశాస్త్రం దేశంలో ఎక్కువచోట్ల ఒక పేపరుగానే మిగిలింది. కెమెరా నేర్చుకోవాలంటే మాస్ కమ్యూనికేషన్ విభాగం వైపు నడవాలి.

డబ్బు దగ్గర ఒక మెలిక ఉంది. ఎస్సీ తదితర విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకు సాయం ఉండదని 2022లో నిబంధన చేర్చారు. సొంత ఊరి మీద, సొంత వాడ మీద సినిమా తీద్దామనుకునే దళిత విద్యార్థికి ఇది నేరుగా తగిలే దెబ్బ. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది నిబంధనలు అక్షరం అక్షరం చదవాలి. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వేరే దారి.

విదేశాల్లోని ఏడాది కోర్సుల క్యాలెండర్ మన పంటలనూ పండగలనూ అడిగి పెట్టింది కాదు. సెప్టెంబర్‌లో తరగతులు, వసంతంలో ఎథిక్స్ కమిటీ అనుమతి, షూటింగ్ మే నుంచి జూలై, సెప్టెంబర్ మొదట్లో సమర్పణ. బతుకమ్మ దొరకదు, సంక్రాంతి దొరకదు, మాఘంలో వచ్చే మేడారం జాతర దొరకదు. ఆషాఢ బోనాలు దొరుకుతాయి, పెళ్లిళ్లు దొరుకుతాయి, ఏరువాక దొరుకుతుంది. పొలం పనుల మీద ప్రతిపాదన రాసి మేలో దిగితే బీడు భూమిని చిత్రించుకుని వెళ్లాల్సిందే. నలభై రెండు డిగ్రీల ఎండలో చిన్న కెమెరాలు 4కెలో అరగంటకే వేడెక్కి ఆగిపోతాయి, తడిగుడ్డ కప్పడం కాదు, నీడలో ఉంచి మధ్యమధ్య ఆపడమే మందు.

నల్లమలలో చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) వెళ్లాలంటే అటవీ శాఖ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతులు కావాలి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో డ్రోన్ మాట ఎత్తకపోవడమే మేలు. అయితే ఆఫీసరు సంతకం మనుషుల సమ్మతి కాదు. పెద్దమనిషి సరే అన్నాడంటే కోడలు సరే అన్నట్టూ కాదు. యూనివర్సిటీ ఇచ్చే ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం కంటే, ఏం తీస్తున్నాం, ఎక్కడ చూపిస్తాం, ఫలానా తేదీలోపు వద్దంటే తీసేస్తాం అని వాళ్ల భాషలో చెప్పి ఆ సంభాషణను కెమెరాలోనే రికార్డు చేయడం మేలు. చాలా కమిటీలు దీన్ని ఒప్పుకుంటాయి, ముందే అడగాలి. యూట్యూబ్‌లో పెడతామా లేదా అన్నది విడిగా అడగాలి. పండగ మాత్రమే చూస్తారు అనుకుని ఒప్పుకున్నవాళ్లు పక్కింటివాళ్ల ఫోనులో తమ ఇంటి గొడవ చూసుకుంటే అది సమ్మతి కాదు.

తీసినవి ఎక్కడ మిగులుతాయన్నదీ ఆలోచించాలి. 1940ల్లో హైదరాబాద్ సంస్థానంలో చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఫొటోల సేకరణ లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఆయన భార్య సమాధి ఉంది. ముత్తాత ఫొటో చూడాలంటే ఆ ఊరివాళ్లు లండన్ వైపు చూడాలి. ఇవాళ్టి విద్యార్థికి ఆ సాకు లేదు. సినిమా పూర్తయ్యాక ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేకుండా మరో కాపీ ఎక్స్‌పోర్ట్ చేయాలి, ఊళ్లో ఆ అక్షరాలు బొమ్మను కప్పేయడం తప్ప పనికిరావు. 1080పీ, 8 ఎంబీపీఎస్‌లో అరగంట దాదాపు 1.8 జీబీ. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఎంపీ4గా ఇవ్వాలి, పాత టీవీలు వేరే ఫార్మాట్లు చదవవు, 4 జీబీ దాటిన ఫైలు అందులో ఎక్కదు. సినిమాలోకి రాకపోయినా అవ్వ పాడిన పాట, మనవడి పుట్టువెంట్రుకలు లాంటి ముక్కలు ఉంటే అవీ విడి ఫైళ్లుగా పేర్లు రాసి పెట్టాలి. ఇంట్లో వాళ్లు ముందు అడిగేవి అవే.